ఆమె ఏడవలేదట!



నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని మనలో ఒక సామెత ఉంది. చిన్నప్పుడే అందరమూ విన్నాం. పెద్దయ్యాక మనమూ ఎక్కడో ఒకచోట అనే ఉంటాం. ఈ సామెత ప్రకారం ఆడది ఏడవాలి, మగవాడు ఏడవకూడదు. ఎంత ఏడవాలి? ఎంతసేపు ఏడవాలి? పదిమంది ముందా, చాటునా? అది మాత్రం సామెతలో లేదు. ఆ లెక్క చావింటి అరుగుమీద కూర్చున్నవాళ్ళే కడతారు.

ఈ వారం మన పాఠం ఎనిమిదవ ఆజ్ఞ. "అబద్ధ సాక్ష్యమా? నేనెన్నడూ కోర్టు గుమ్మం తొక్కలేదే" అని ఈ ఆజ్ఞ దగ్గర మనం తేలికగా ఊపిరి పీల్చుకుంటాం. పాపసంకీర్తనానికి వెళ్ళేముందు ఆత్మ పరిశోధన చేసుకుంటూ దీన్ని ఒక్క క్షణంలో దాటేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే దాటేశాను. కనుక ముందు నా తప్పు చెప్పి, తర్వాత పాఠంలోకి వస్తాను.

నేను మోసిన మాట

చాలా ఏళ్ళ క్రితం సంగతి. నేను ఉపదేశిగా పనిచేస్తున్న ఒక విచారణలో ఒక యువకుడు జబ్బుచేసి చనిపోయాడు. పెళ్ళై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఇంటిముందు జపమాల చెప్పించింది నేనే. అతని తల్లి గుండెలు బాదుకుంటూ శోకాలు పెడుతోంది. భార్య మాత్రం గోడకు ఆనుకొని కూర్చుంది. కంట తడి లేదు. మధ్యలో ఒకసారి లేచి, దూరం నుంచి వచ్చినవాళ్ళకు టీ ఇచ్చారా అని ఎవరినో అడిగింది. అంతే.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో నా పక్కన ఇద్దరు కూర్చున్నారు. "ఎంత రాతి గుండె! మొగుడు పోతే టీ సంగతి అడుగుతుందా?" అన్నాను. నేను అన్నది అంతే. మర్నాడు గుడి దగ్గర మరొకరితో అన్నాను. వారం తిరిగేసరికి ఆ మాట నాకే తిరిగి వచ్చింది. వచ్చేటప్పటికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. "ఆమెకు ముందే తెలుసట," "మందులు సరిగా వేయలేదట," "అతను పోవాలనే చూసిందట." చివరికి అత్తవారింటి గుమ్మం ఆ పిల్లకు మూతపడింది.

ఏడాది తర్వాత ఆమె కొడుకు నూతన సత్ప్రసాదం స్వీకరించవలసి ఉండగా, పాఠాల విషయం మాట్లాడటానికి నా దగ్గరకు వచ్చింది. ఉండబట్టలేక అడిగాను, ఆ రోజు సంగతి. ఆమె కోపగించుకోలేదు. "ఆస్పత్రి వరండాలో పదకొండు రాత్రులు ఏడ్చాను ఉపదేశిగారూ. ఆ రోజుకు ఇంక మిగల్లేదు" అంది.

పాపసంకీర్తనంలో ఈ సంగతి చెప్పుకున్నాను. ఫాదర్‌గారు నాకు ప్రార్థనలు విధించి వదిలిపెట్టలేదు. "ఎవరెవరితో అన్నావో వాళ్ళ దగ్గరికే వెళ్ళి, నేను అన్నది తప్పు అని చెప్పు" అన్నారు. వెళ్ళాను. నేను చెప్పినవాళ్ళు ముగ్గురు. వాళ్ళు చెప్పినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. బస్సులో పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరిది ఏ ఊరో కూడా తెలియదు. ఆ మాట ఇప్పటికీ ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది.

ఇది ఒక చిన్న ఊరి కథ. ఇదే తప్పు ఒక దేశం మొత్తం కలిసి చేస్తే ఏమవుతుందో చూద్దాం. ఇది కల్పన కాదు, జరిగిన సంగతి.

ఎడారిలో ఒక రాత్రి

ఆస్ట్రేలియా దేశం నడిమధ్య ఎడారిలో ఊలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండ ఉంది. పూర్వం దాన్ని అయర్స్ రాక్ అని కూడా పిలిచేవారు. 1980 ఆగస్టులో మైకేల్ చాంబర్లేన్, లిండీ చాంబర్లేన్ అనే భార్యాభర్తలు తమ ఇద్దరు కొడుకులతో, తొమ్మిది వారాల ఆడబిడ్డతో ఆ కొండ చూడటానికి వెళ్ళారు. బిడ్డ పేరు అజారియా. మైకేల్ సెవెన్త్ డే అడ్వెంటిస్టు సంఘంలో పాస్టరు. మన ఊళ్ళలో కూడా శనివారం ఆరాధన చేసుకునే ఆ సంఘంవారు ఉన్నారు గదా, వారే.

ఆగస్టు 17, ఆదివారం రాత్రి సుమారు ఎనిమిది గంటలకు బిడ్డను గుడారంలో పడుకోబెట్టి తల్లి వంట పొయ్యి దగ్గరకు వచ్చింది. కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది. తల్లి గుడారం వైపు వెళ్ళింది. లోపలినుంచి ఒక డింగో బయటికి పోవడం చూసింది. డింగో అంటే ఆ దేశపు అడవి కుక్క, చూడటానికి మన ఊరకుక్కలాగే ఉంటుంది. ఉయ్యాలమంచం ఖాళీగా ఉంది. డింగో నా బిడ్డను ఎత్తుకుపోయిందని ఆమె కేక వేసింది. ఆ రాత్రి సుమారు మూడువందల మంది చీకట్లో వెదికారు. బిడ్డ దొరకలేదు. వారం తర్వాత, గుడారానికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, రక్తపు మరకలతో బిడ్డ బట్టలు దొరికాయి. బిడ్డకు తొడిగిన పైకోటు మాత్రం వాటిలో లేదు.

మొదటి విచారణ జరిపిన న్యాయాధికారి డెనిస్ బారిట్, 1981 ఫిబ్రవరిలో తన నిర్ణయాన్ని టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రకటించారు. బిడ్డను డింగోయే ఎత్తుకుపోయిందనీ, తల్లిదండ్రుల తప్పేమీ లేదనీ చెప్పారు. దానితో కథ ముగియాలి. కాని ముగియలేదు.

ముఖంమీద నడిచిన విచారణ

ఎందుకు ముగియలేదు? డింగో మనిషి బిడ్డను ఎత్తుకుపోవడం ఎన్నడైనా విన్నామా అని జనం అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. కాని జనం నోట ఎక్కువగా నానింది వేరే ప్రశ్న. ఈ తల్లి ఏడవదేం?

భార్యాభర్తలిద్దరూ పత్రికలవారితో, టెలివిజన్‌వారితో మాట్లాడారు. నెమ్మదిగా, వివరంగా మాట్లాడారు. బిడ్డను పునరుత్థాన దినాన మళ్ళీ చూస్తామనే తమ విశ్వాసం చెప్పుకున్నారు. డింగో ఎలా పట్టుకొని ఉంటుందో, బట్టలనుంచి బిడ్డను ఎలా లాగి ఉంటుందో అడిగితే తల్లి దానికీ జవాబు చెప్పింది. అది చూసినవారు "ఏ తల్లి అయినా ఇలా మాట్లాడగలదా?" అన్నారు. కోర్టుకు వస్తే ఆమె కట్టుకున్న బట్టలమీద వార్తలు రాశారు. గంభీరంగా ఉంటే కఠినురాలు అన్నారు. కన్నీరు పెడితే నటిస్తోంది అన్నారు. నవ్వితే బిడ్డ పోయిన దుఃఖమే లేదన్నారు. ఇక ఆ తల్లికి ఏ ముఖం పెట్టుకోవడానికి వీలుంది? ఒక్కసారి ఆలోచించండి.

దీనికి తోడు ఆ కుటుంబపు మతం చాలామందికి తెలియనిది. తెలియనిదాని చుట్టూ పుకార్లు పుట్టడం మామూలే. అజారియా అంటే ఎడారిలో బలి అని అర్థమట అనే పుకారు దేశమంతా పాకింది. నిజానికి ఆ పేరు మన బైబులులోనిదే. దానియేలు గ్రంథంలో అగ్నిగుండంలో పడవేయబడిన ముగ్గురు యువకులలో ఒకరి పేరు అది. హెబ్రీ భాషలో దానికి దేవుడు సహాయం చేశాడని అర్థం. బైబులు తెరిచి చూస్తే తేలిపోయే సంగతి. పుకారు చెప్పేవాళ్ళకు బైబులు తెరిచే తీరిక ఎక్కడిది?

ప్రియ పాఠకులారా, మనమూ ఈ దేశంలో కొద్దిమందిమే. మన దివ్యపూజ గురించి, మఠకన్యల గురించి, మన ఆచారాల గురించి తెలియనివాళ్ళు ఏవేవో అనగా విని మనం బాధపడ్డవాళ్ళమే. కాబట్టి మరో చిన్న సంఘం గురించి అలాంటి మాట విన్నప్పుడు, అందరికన్నా ముందు మన నోరు ఆగాలి.

తీర్పు, ఆ తర్వాత

పోలీసులు కేసును తిరిగి తెరిచారు. రెండో విచారణ తర్వాత తల్లిమీద హత్యానేరం, తండ్రిమీద ఆ నేరాన్ని దాచడానికి తోడ్పడ్డాడన్న అభియోగం మోపారు. 1982 సెప్టెంబరులో డార్విన్ నగరంలో కేసు మొదలైంది. కారు ముందు సీటులో కూర్చొని బిడ్డ గొంతు కోసిందని ప్రభుత్వ పక్షం వాదన. శవం లేదు. చంపడం చూసినవాళ్ళు లేరు. ఎందుకు చంపిందో కారణం చెప్పలేకపోయారు. కారులో పసిబిడ్డ రక్తం ఉందని నిపుణులు చెప్పిన సాక్ష్యమే ప్రధాన ఆధారం.

రెండోవైపు ఏముంది? తల్లి పొయ్యి దగ్గరికి వచ్చిన తర్వాత గుడారంలోంచి బిడ్డ ఏడుపు తానూ విన్నానని అక్కడే బసచేసిన మరొక తల్లి చెప్పింది. ఇది నిజమైతే ప్రభుత్వ పక్షం కథ నిలబడదు. ఆ రాత్రి గుడారం దగ్గర డింగో అడుగుజాడలు చూశామని జాడలు తీసే ఆదివాసులు అన్నారు. డింగోలు మనుషులంటే భయం లేకుండా తయారయ్యాయని ఆ పార్కు అధికారి బిడ్డ పోకముందే హెచ్చరించి ఉన్నాడు. ఇవన్నీ ఉన్నాయి. కాని 1982 అక్టోబరు 29న న్యాయనిర్ణేతల బృందం ఆమెను దోషి అని తేల్చింది. యావజ్జీవ కారాగారశిక్ష పడింది. అప్పటికి ఆమె నిండు గర్భిణి. 19 రోజుల తర్వాత, ఖైదీగా ఉండగానే, మరొక ఆడబిడ్డను కన్నది. కొద్దికాలం బెయిలు దొరికింది. అప్పీలు కొట్టివేయగానే 1983లో మళ్ళీ జైలుకు వెళ్ళింది. 1984 ఫిబ్రవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆమెకు వ్యతిరేకంగా, ఇద్దరు అనుకూలంగా తీర్పు చెప్పారు.

బిడ్డకు బట్టలమీద ఒక పైకోటు తొడిగానని ఆ తల్లి మొదటినుంచీ చెబుతూ వచ్చింది. అది అబద్ధమని ప్రభుత్వ పక్షం అన్నది. 1986 ఫిబ్రవరి 2న, కొండమీదనుంచి పడిపోయిన మరొక యాత్రికుని శరీరం కోసం వెదుకుతుండగా, డింగోల గుహల దగ్గర ఆ పైకోటు దొరికింది. ఐదు రోజులలో ఆమెను విడుదల చేశారు. అప్పటికి ఆమె జైలులో గడిపిన కాలం అంతా కలిపితే దాదాపు మూడేళ్ళు.

తర్వాత జస్టిస్ ట్రెవర్ మోర్లింగ్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన కమిషన్ ఆధారాలన్నీ తిరిగి పరిశీలించి 1987లో నివేదిక ఇచ్చింది. పసిబిడ్డ రక్తమని చెప్పినది అలా రుజువు కాలేదు. కారు లోపల పిచికారీ కొట్టినట్టున్న మరకలు నిజానికి రక్తమే కాదు. శబ్దం తగ్గించడానికి కారు తయారీలోనే కొట్టిన పూత అది. 1988 సెప్టెంబరు 15న న్యాయస్థానం భార్యాభర్తల శిక్షలను రద్దు చేసింది. 1992లో ప్రభుత్వం 13 లక్షల డాలర్ల నష్టపరిహారం ఇచ్చింది. అయినా బిడ్డ మరణ పత్రంలో చావుకు కారణం తేలకుండానే ఉండిపోయింది. 2012 జూన్ 12న నాలుగో విచారణ జరిపిన న్యాయాధికారి ఎలిజబెత్ మోరిస్, అజారియాను డింగోయే తీసుకుపోయిందని ప్రకటించి, తల్లిదండ్రులకు సానుభూతి తెలిపారు. కొత్త మరణ పత్రం ఇచ్చారు. ఆ పత్రం కోసం వారు 32 ఏళ్ళు ఎదురుచూశారు. మైకేల్ 2017లో మరణించాడు.

ఆమెను జైలుకు పంపింది జనం మాటలు మాత్రమేనని నేను అనడంలేదు. నిపుణుల పొరపాటు ఉంది, దర్యాప్తు లోపం ఉంది. కాని "ఈమె ముఖం చూస్తేనే తెలుస్తోంది" అని ముందే అనుకున్నవారికి బలహీనమైన ఆధారం కూడా బలంగా కనిపిస్తుంది. బలమైన సాక్ష్యం చెవికెక్కదు. మనసులో తీర్పు అయిపోయాక చూసేదంతా ఆ తీర్పుకు రుజువుగానే తోస్తుంది. ప్రమాదం అక్కడ ఉంది.

ముఖం అద్దం కాదు

"ముఖం మనసుకు అద్దం అంటారు గదా, అబద్ధమాడేవాణ్ణి నేను ఇట్టే పట్టేస్తాను" అని మీలో కొందరు అనుకోవచ్చు. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 206 పరిశోధన పత్రాలను కలిపి పరిశీలించి 2006లో ఫలితం ప్రకటించారు. ఎదుటివారి మాటతీరు, ముఖకవళికలు చూసి అబద్ధమో నిజమో చెప్పమంటే, మనుషులు వందకు సగటున 54 సార్లు మాత్రమే సరిగా చెప్పగలిగారు. నాణెం ఎగరవేసి బొమ్మా బొరుసూ చూసినా 50 వస్తాయి. మన "ఇట్టే పట్టేయడం" విలువ ఆ నాలుగు మాత్రమే.

దుఃఖం అందరిలో ఒకేలా బయటపడదు. ఒకరు పొర్లి పొర్లి ఏడుస్తారు. మరొకరు బిగుసుకుపోతారు. ఇంకొకరు పనిమీద పని కల్పించుకొని తిరుగుతారు. కొందరికి ఆరునెలల తర్వాత, పోయినవారి చొక్కా ఒకటి బీరువాలో కనబడినప్పుడు కట్ట తెగుతుంది. అప్పుడు చూడటానికి ఊరు అక్కడ ఉండదు.

కోర్టులో సాక్షి తీరుతెన్నులు గమనించి రాసుకునే అధికారం మన దేశ చట్టం కూడా న్యాయమూర్తికి ఇచ్చింది. నిజమే. కాని న్యాయమూర్తి ఇరుపక్షాలూ విని, ఆధారాలు చూసి, వాటి పక్కన దాన్ని ఉంచి తూచాలి. తప్పు జరిగితే పైకోర్టు ఉంది. అరుగుమీద మనం ఇచ్చే తీర్పుకు పైకోర్టు ఏది?

దేవుని వాక్యం ఏమి నేర్పుతుంది?

1. హన్నా. సమూవేలు మొదటి గ్రంథం 1వ అధ్యాయం చదవండి. బిడ్డలు లేని హన్నా దేవాలయంలో మౌనంగా ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. యాజకుడైన ఏలీ అది చూసి ఆమె తాగి ఉందనుకొని మందలించాడు. చూసినవాడు సామాన్యుడు కాదు, యాజకుడు. అయినా పొరబడ్డాడు. ఆమె జవాబు వినగానే మాత్రం తన మాట వెనక్కి తీసుకొని దీవించి పంపాడు. పొరబడటంలో మనం ఏలీని పోలి ఉన్నాం. సరిదిద్దుకోవడంలో కూడా పోలి ఉన్నామా?

2. సూసన్న. మన కతోలిక బైబులులో దానియేలు గ్రంథం 13వ అధ్యాయం ఇది. ఇద్దరు పెద్దలు ఆమెమీద నింద మోపారు. సూసన్న ఏడ్చింది, ఆకాశం వైపు చూసింది, దేవునికి మొరపెట్టుకుంది. ఆ కన్నీరు చూసి ఎవరైనా ఆగారా? లేదు. చెప్పినవాళ్ళు పెద్దమనుషులని నమ్మి మరణశిక్ష వేశారు. కన్నీరు రాని తల్లిని ఆస్ట్రేలియా నమ్మలేదు, కన్నీరు పెట్టిన సూసన్నను ఆ సభ నమ్మలేదు. అప్పుడు యువకుడైన దానియేలు ఏమి చేశాడు? ఎవరి ముఖమూ చూడలేదు. ఇద్దరు పెద్దలనూ విడదీసి, ఏ చెట్టు కింద చూశారో చెప్పమని వేర్వేరుగా అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు, రెండోవాడు మరో చెట్టు పేరు చెప్పారు. నిజం బయటపడింది. ఒక ప్రాణం నిలిచింది.

3. మన ప్రభువు. పిలాతు ముందు యేసు మౌనంగా నిలబడినప్పుడు ఆ అధిపతి ఆశ్చర్యపోయాడని మత్తయి 27వ అధ్యాయంలో చదువుతున్నాం. నిర్దోషి అయితే అరిచి చెప్పడా అని మనమే ఆ గుంపులో ఉంటే అనుకొని ఉండేవాళ్ళం కామా?

4. మరియతల్లి. యోహాను సువిశేషం 19వ అధ్యాయంలో సిలువ చెంత ఆమె నిలిచి ఉన్నదని మాత్రమే ఉంది. ఏడ్చినట్టు అక్కడ రాయలేదు. ఈ సంగతిని పునీత అంబ్రోసుగారు ఏనాడో గుర్తించి చెప్పారు. ఏడవలేదు కనుక ఆ తల్లికి దుఃఖం లేదని అనగలమా? ఆమెనే మనం వ్యాకులమాత అని పిలుస్తున్నాం. ఆ తల్లి పండుగ సెప్టెంబరు 15. లిండీ చాంబర్లేన్ నిర్దోషి అని న్యాయస్థానం శిక్ష రద్దు చేసిన తేదీ కూడా అదే. దీనినుంచి నేను గొప్ప అర్థాలేవీ తీయను. కాని ప్రతి ఏటా ఆ పండుగనాడు, కన్నీరు కనబడని తల్లులను తలచుకొని ఒక పరలోక జపం చెప్పుకుంటాను. మీరూ చెప్పండి.

శ్రీసభ బోధన

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ, 2477వ అంశంలో మూడు తప్పులను వేరుచేసి చూపిస్తుంది. వాటిని పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఇలా చెప్పుకోవచ్చు.

తొందరపాటు తీర్పు: తగిన ఆధారం లేకుండా పొరుగువాడు తప్పు చేశాడని నమ్మడం. నోరు విప్పకపోయినా, మనసులో నమ్మినా ఇది తప్పే.

పరనింద: ఉన్న తప్పునే అయినా, సరైన కారణం లేకుండా తెలియనివారికి చెప్పడం.

అపనింద: లేని తప్పును అంటగట్టి పరువు తీయడం.

బస్సులో నేను మొదటి మెట్టుమీద నిలబడ్డాను. వారం తిరిగేసరికి ఊరు మూడో మెట్టు ఎక్కింది. మెట్లు వేరైనా నిచ్చెన ఒకటే.

2478వ అంశం దీనికి మందు చెబుతుంది. పొరుగువాని మాటకు, చేతకు వీలైనంతవరకు మంచి అర్థమే తీసుకోవాలి. అర్థం కాకపోతే అతన్నే అడగాలి. తప్పైతే ప్రేమతో దిద్దాలి. ఇక 2487వ అంశం ప్రకారం, ఒకరి పరువు తీసినవాడు క్షమాపణ పొందినా, జరిగిన నష్టాన్ని సరిచేసే బాధ్యత అతనిమీద ఉంటుంది. ఫాదర్‌గారు నన్ను ఇంటింటికీ పంపింది అందుకే.

ఒక సందేహం

"అయితే హంతకులను ఊరికే వదిలేయాలా? చనిపోయినవారికి న్యాయం వద్దా?" అని మీరు అడగవచ్చు. తప్పక అడగాలి. హత్య దేవునికి మొరపెట్టే పాపం. పోయిన ప్రాణానికి నిజం బాకీ ఉన్నాం. అందుకే ముఖం చూసి తీర్పు చెప్పకూడదు. ముఖమే కొలత అయితే, ఏడవడం చేతగాని నిర్దోషి జైలుకు పోతాడు, ఏడవడం బాగా వచ్చిన దోషి ఇంటికి పోతాడు. రెండుచోట్లా చనిపోయినవారికి అన్యాయమే. మీకు నిజంగా ఏదైనా తెలిస్తే, చూసింది చూసినట్టు చెప్పవలసినచోట చెప్పండి. అది మీ బాధ్యత. చూడనిదాన్ని "అనిపించింది" అని నలుగురిలో చెప్పడం మాత్రం సాక్ష్యం కాదు.

నిప్పు లేనిదే పొగ రాదని కొందరంటారు. అజారియా విషయంలో దేశమంతా పొగ కమ్మింది. నిప్పు మాత్రం ఆ తల్లి చేతిలో లేదు.

ఈనాడు ఈ పాపం మన అరచేతిలోకే వచ్చింది. ఎక్కడో ఒక ఇంట్లో ఘోరం జరుగుతుంది. సాయంత్రానికి ఆ ఇంటివాళ్ళ ముఖాలు మన సెల్‌ఫోనులో ఉంటాయి. "చూడండి, భయమే లేదు," "చూడండి, నవ్వుతున్నాడు" అనే రాతలతో సహా వస్తాయి. మనం చేసేది ఒక్క వేలు కదపడమే. ఆ వేలు కదపడం కూడా బస్సులో నేను అన్న మాటలాంటిదే.

ఈ వారం ఇంట్లో చేయవలసినవి

రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత దానియేలు 13వ అధ్యాయం అందరూ కలిసి చదవండి. తర్వాత ఈ ప్రశ్నలు మాట్లాడుకోండి. పిల్లలను కూడా మాట్లాడనివ్వండి.

1. దానియేలు అడిగిన ప్రశ్నకూ, గుంపు చూసిన చూపుకూ తేడా ఏమిటి?

2. మన ఇంట్లో ఎవరైనా దుఃఖాన్ని బయటికి చూపించనివారు ఉన్నారా? వారిని మనం ఎప్పుడైనా అపార్థం చేసుకున్నామా?

3. ఈ నెలలో మనం ఎవరి గురించి అయినా "చూస్తేనే తెలుస్తోంది" అన్నామా? ఏమి చూసి అన్నాం?

4. ఎవరి పేరైనా మన మాటవల్ల చెడితే, ఈ ఆదివారం దివ్యపూజకు ముందే ఎవరి దగ్గరికి వెళ్ళి దిద్దుకోవాలి?

చావింటికి వెళ్ళినప్పుడు మరో చిన్న నియమం పెట్టుకోండి. ఏడ్చేవారి పక్కన నలుగురు ఎప్పుడూ ఉంటారు. గోడకు ఆనుకొని మౌనంగా కూర్చున్నవారి పక్కన ఎవరూ ఉండరు. మీరు అక్కడ కూర్చోండి. ఏమీ అడగవద్దు. తిరిగి వచ్చాక ఏమీ చెప్పవద్దు.

ఓ ప్రభువా, మనుషులు పైరూపం చూస్తారు, నీవు హృదయాన్ని చూస్తావు. నీవు చూసేది మాకు కనబడదు గనుక, మా నోటికి కాపలా ఉండుము. మా మాటవల్ల గాయపడినవారిని నీవే ఆదరించుము. సిలువ చెంత నిలిచిన నీ తల్లి ప్రార్థనా సహాయమువలన, తప్పును ఒప్పుకొని సరిదిద్దుకొనే ధైర్యము మాకు దయచేయుము. ఆమెన్.